హ్యాండిల్ వెనక్కి తన్నిన పొద్దు

చలికాలం వచ్చిందంటే మా బావమరిది కుడి మణికట్టు ఇప్పటికీ పట్టేస్తుంది. వాడు నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ డిసెంబరు పొద్దున్నే మా ఇంటికొచ్చి టీ గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడంటే నా చూపు ఆ కుడిచేతి మీదకే పోతుంది. ఆ నొప్పికి కారణం నేనే. సరిగ్గా చేశాననుకుని నేను సగంలో వదిలేసిన ఒక పని.

1997లో మా మావగారు చూపు సరిగా ఆనక డ్రైవింగ్ మానేసి, తన అంబాసిడర్‌ని మాకిచ్చేశారు. మార్క్ 4, పెట్రోలు బండి, 1489 సీసీ ఇంజన్. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి, కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో అంబాసిడర్‌గా స్థిరపడిన బండి అది. బానెట్ ఎత్తితే ఇంజన్‌లో ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. నా తప్పు అక్కడే మొదలైందనుకుంటాను. చేతికి అందిందల్లా నాకు తెలిసిపోయినట్టే ఉండేది.

బండితో పాటు డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకం కూడా వచ్చింది. మావగారు ఏళ్ల తరబడి బండికి చేయించిన ప్రతి పనీ అందులో రాసుకున్నారు. తారీఖు, కిలోమీటర్లు, పక్కన ఏం చేశారో. కొన్ని నెలలకోసారి ఒకే వాక్యం మళ్లీ మళ్లీ కనిపించేది: ‘పాయింట్లు కొత్తవి. కామ్‌కి గ్రీజు. గ్యాప్ 15. టైమింగ్.’ నాలుగు ముక్కలూ ఎప్పుడూ ఆ వరసలోనే ఉండేవి. నేను ఆ పుస్తకాన్ని ఒక పొదుపరి మనిషి పద్దుల పుస్తకంలా తిరగేసి, మళ్లీ అరలో పెట్టేశాను.

మరుసటేడు మొదట్లో సొంతంగా పానాల సెట్టు, ఒక ఫీలర్ గేజ్ కొనుక్కున్నాను. మొదటి ప్రతాపం సీబీ పాయింట్ల మీద చూపించాను. పాతవి తీసి కొత్తవి వేశాను. గ్యాప్ పదిహేను థౌ పెట్టాను. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఆ రోజు ఇంట్లో గ్రీజు లేదు. అగ్గిపుల్ల మొనకి అంటేంత గ్రీజు లేకపోతే ఏమవుతుందిలే అని డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మూసేశాను.

ఏమవుతుందో ఇప్పుడు చెప్తాను. డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే కామ్‌కి నాలుగు మూలలుంటాయి. ఒక్కో మూల వచ్చి పాయింటు మడమని తోసినప్పుడల్లా పాయింట్లు విడిపోతాయి. విడిపోయిన ఆ క్షణంలోనే కాయిల్లో వోల్టేజీ పుట్టి ప్లగ్గు దగ్గర స్పార్కు పడుతుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఈ విడిపోవడం సెకనుకి వందసార్లు జరుగుతుంది. ఆ మడమ ఫైబర్‌ది. గ్రీజు లేకపోతే మడమ అరుగుతుంది. మడమ అరిగితే గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి. పాయింట్లు ఆలస్యంగా విడిపోతే స్పార్కూ ఆలస్యంగానే పడుతుంది. వీటిల్లో నాకు అప్పటికి తెలియని ముక్క ఒక్కటీ లేదు. అన్నీ విడివిడిగా తెలుసు. ఒకదానికొకటి ముడి వేసుకోలేదంతే.

ఆ అరుగుదల ఒక్క రోజులో బయటపడదు. బండి కొద్దికొద్దిగా బరువెక్కుతూ వచ్చింది. విజయనగరం నుంచి సింహాచలం వెళ్తే, అంతకుముందు మూడో గేరులో ఎక్కిన కొండమలుపు రెండో గేరు అడగడం మొదలెట్టింది. రేడియేటర్ నీళ్లు మరిగేవి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ నిద్రలోంచి లేచినట్టు కాసేపాగి పలికేది.

పికప్ లేదంటే కార్బురేటర్ అని నా మనసు ముందే తీర్పు చెప్పేసింది. ఈ తీర్పు నా ఒక్కడిదే కాదు, పాత పెట్రోలు బండి నడిపినవాళ్లని ఎవరినైనా అడగండి. కార్బురేటర్‌కి స్క్రూలుంటాయి. తిప్పితే ఇంజన్ శబ్దం మారుతుంది. శబ్దం మారితే మనం ఏదో చేస్తున్నట్టు ఉంటుంది. రెండు ఆదివారాలు దాని మీదే పోశాను. ఫ్లోట్ చాంబర్ కడిగాను, జెట్టు ఊదాను, మిక్స్చర్ చిక్కగా చేశాను. కొంచెం నయమనిపించింది, ప్లగ్గులకి మసి పట్టింది. పల్చన చేశాను, సైలెన్సర్లో టపటపమంది. రేడియేటర్ కూడా విప్పించి శుభ్రం చేయించాను. ఇన్నిటిలో నేను ఒక్కటి కూడా కొలవలేదు. స్పార్కు ఆలస్యమైతే మంట పిస్టన్‌ని తోయాల్సిన సమయం దాటిపోయాక కూడా మండుతూనే ఉంటుంది. ఆ వేడి పనికి రాకుండా సిలిండర్ గోడల్లోకీ ఎగ్జాస్టులోకీ పోతుంది. నీళ్లు మరగడానికి కారణం అది. నేను రేడియేటర్‌ని కడుగుతూ కూర్చున్నాను.

దీపావళికి కొద్ది రోజుల ముందు, తెలిసిన ట్యాక్సీ డ్రైవరొకాయన బండి శబ్దం విని ‘టైమింగ్ లేటుగా ఉన్నట్టుంది, చూసుకోండి’ అన్నాడు. ఇంటికి రాగానే ఇంజన్ నడుస్తుండగా డిస్ట్రిబ్యూటర్ కింది క్లాంపు బోల్టు వదులు చేశాను. ఈ ఇంజన్‌లో రోటర్ అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి బాడీని గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పితే స్పార్కు ముందుకొస్తుంది. కొంచెం తిప్పాను. ఇంజన్ గొంతు విప్పింది. ఇంకొంచెం తిప్పాను. ఎక్కడ హుషారుగా అనిపించిందో అక్కడ బిగించాను. టైమింగ్ చూసే బల్బు లేదు, పుల్లీ మీద గీత చూసింది లేదు. చెవితో పెట్టిన టైమింగ్ అది.

బండి పరిగెత్తింది. ఆ రాత్రి మా ఆవిడతో, మీ నాన్నగారు మెకానిక్కి ఇన్నేళ్లు పోసిన డబ్బంతా దండగ అన్నాను. ఆమె ఏమీ అనలేదు. టైమింగ్ లేటైందన్నది నిజమే, ఆ నిజాన్ని పట్టుకున్నాను కూడా. కానీ ఎందుకు లేటైందని అడగలేదు. క్యాప్ తీసి ఒక్కసారి గ్యాప్ చూసుంటే జవాబు అక్కడే ఉంది. చూడకుండా, అరిగిన మడమకి తగ్గట్టుగా మొత్తం డిస్ట్రిబ్యూటర్నే పక్కకి తిప్పి పెట్టాను. గుమ్మం కుంగిందని తలుపుని కోసినట్టయింది.

డిసెంబరులో అందరం కలిసి అరకు వెళ్దామనుకున్నాం. మా ఆవిడ, పిల్లలిద్దరు, మా బావమరిది. బయల్దేరడానికి వారం ముందు ఇంజన్ ఒకసారి శుభ్రంగా చూసుకుందామని క్యాప్ తీశాను. పాయింట్లు ఒకవైపు గుంట పడి, రెండోవైపు బొడిపె లేచి ఉన్నాయి. పదిహేను థౌ రేకు కాదుగదా, ఎనిమిది కూడా దూరలేదు. మంచి సమయంలో చూశానని సంబరపడి కొత్త పాయింట్లు వేశాను. ఈసారి గ్రీజు మరచిపోలేదు. గ్యాప్ పదిహేను, రేకు మెత్తగా ఒరుసుకుంటూ వచ్చేలా పెట్టాను. అంత శ్రద్ధగా చేసిన పని నా జీవితంలో తక్కువ.

స్టార్ట్ చేస్తే స్లో స్పీడు మామూలుకంటే ఎక్కువగా ఉంది. కొత్త పాయింట్ల మహిమ అనుకుని, స్క్రూ తిప్పి స్లో తగ్గించాను. ఇంజన్ నాకు మొదటి మాట అప్పుడే చెప్పింది. నేను దాని నోరు నొక్కేశాను.

ప్రయాణం రోజు తెల్లవారుజాము మంచి చలి. సెల్ఫ్ కొడితే ఇంజన్ సగం తిరిగి ఎవరో అడ్డు పెట్టినట్టు ఆగిపోతోంది. మళ్లీ కొడితే మళ్లీ అంతే. చలికి బ్యాటరీ దిగిందని తేల్చేశాను. మా బావమరిది డిక్కీలోంచి హ్యాండిల్ తెచ్చి, “నువ్వు లోపల కూర్చో బావా, నేను కొడతాను” అన్నాడు. వాడికప్పుడు ఇరవై రెండేళ్లు. బంపరులోని కన్నంలోంచి హ్యాండిల్ దూర్చి, ఒక్క ఊపున పైకి లాగాడు.

హ్యాండిల్ వెనక్కి తన్నింది. ‘ఠక్’మన్న చప్పుడు నాకు స్టీరింగ్ దగ్గరికి వినిపించింది. వాడు చెయ్యి పొట్టకి అదుముకుని నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ క్షణంలో నేనేమన్నానో రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. “బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేశావు కదూ? వేళ్లన్నీ ఒకేవైపు ఉండాలని ఎన్నిసార్లు చెప్పాను!” అన్నాను. వాడు నొప్పిలోనే తన బొటనవేలి వంక చూసుకుని, “అవును బావా, నాదే తప్పు” అన్నాడు. నన్ను నమ్మాడు. మా ఆవిడ తువ్వాలు తడిపి కట్టు కట్టింది. ప్రయాణం మానేద్దామంటే వాడే ఒప్పుకోలేదు. ఈలోగా పక్కింటివాళ్లు తోస్తే బండి స్టార్టయింది.

శృంగవరపుకోట దాకా బాగానే ఉంది. బొడ్డవర దాటి ఘాటు మొదలవగానే ఇంజన్‌లోంచి సన్నగా ఒక చప్పుడు. రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు. యాక్సిలరేటర్ తొక్కితే వస్తోంది, వదిలితే పోతోంది. మా ఆవిడ “ఏంటండీ ఆ శబ్దం?” అంది. కల్తీ పెట్రోలు అన్నాను. ఏ బంకు పెట్రోలో, అందులో ఏం కలిసిందో నాకేం తెలుసు? అయినా అంత ధీమాగా చెప్పాను. టైడా దాటాక బండి లాగడం మానేసింది. ఇంకో రెండు మలుపులకి బానెట్ సందుల్లోంచి ఆవిరి, వెనక తెల్లటి పొగ. పక్కకి ఆపాను. మా చిన్నది ఏడుపు మొదలెట్టింది. లోయలో మంచు ఎంత అందంగా ఉందో ఎవరూ చూడలేదు.

కిందికి దిగే లారీ ఒకటి దయతలచి, తాడు కట్టి మమ్మల్ని మెల్లగా శృంగవరపుకోటకి చేర్చింది. అక్కడ రోడ్డు పక్కన తాటాకు పాకలో ఒక పెద్దాయన షెడ్డు నడుపుతున్నాడు. నేను దిగీదిగగానే చెప్పడం మొదలెట్టాను. కార్బురేటర్ ఇలా చేశాను, రేడియేటర్ అలా చేశాను, పెట్రోలు మంచిది కాదు. ఆయన అంతా విన్నాడు. బానెట్ ఎత్తాడు. కార్బురేటర్ వంక కన్నెత్తి చూడలేదు. మేకుకి వేలాడుతున్న చిన్న బల్బు తీసుకొచ్చాడు, దానికి రెండు వైర్లు. ఒకటి డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కి, రెండోది ఇంజన్ బాడీకి తగిలించాడు. ప్లగ్గులు విప్పేశాడు. స్విచ్ ఆన్ చేయమన్నాడు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ బల్బు వెలగదు, విడిన క్షణాన వెలుగుతుంది. కుర్రాడొకడు హ్యాండిల్ పట్టుకుని ఇంజన్‌ని చీమ నడకన తిప్పుతుంటే, ఆయన ముందుకి వంగి పుల్లీ మీద గీత చూస్తున్నాడు.

గీత ఇంకా సూచికల దరిదాపుల్లోకి రాకుండానే బల్బు వెలిగింది. ఇంకో రెండు చుట్లు తిప్పించాడు. మళ్లీ అక్కడే వెలిగింది.

“పాయింట్లు ఎప్పుడు మార్చినారు బాబూ?”

“వారమైంది.”

“దానికి ముందర డిస్ట్రిబ్యూటర్‌ని ఎవలైనా తిప్పినారేటి?”

“నేనే తిప్పాను. దీపావళి ముందు.”

“పాయింట్లు మార్చినాక మళ్లీ టైమింగ్ పట్టినారా?”

నేను గట్టిగా, “గ్యాప్ కరెక్టుగా పదిహేను పెట్టానండీ” అన్నాను.

ఆయన క్యాప్ తీసి, రేకు పెట్టి చూసి, తలూపాడు. “గ్యాప్ బాగానే ఉంది బాబూ. అందుకే ఇలగయింది.”

ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టి ఉంటుంది. ఆయన బల్బు విప్పుకుంటున్నాడు. నేను ఫెండరు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. అరిగిన గ్యాప్‌తో లేటైన స్పార్కుని, డిస్ట్రిబ్యూటర్ తిప్పి ముందుకి తెచ్చాను. తర్వాత గ్యాప్ సరిచేశాను. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా విడతాయి. అంటే స్పార్కు మరోసారి ముందుకి జరిగింది. ఒకే ఆలస్యాన్ని రెండుసార్లు దిద్దాను. రెండు తప్పులు ఒకదాన్నొకటి మోస్తూ నిలబడి ఉంటే, వారం కిందట ఒకదాన్ని సరిచేసి రెండోదాన్ని ఒంటరిగా వదిలేశాను. స్లో ఎందుకు పెరిగిందో, సెల్ఫ్ ఎందుకు అడ్డుపడిందో, ఘాటులో ఆ గోళీల చప్పుడు ఎక్కడిదో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలుచున్నాయి.

అప్పుడే ఆ పెద్దాయన మా బావమరిది చేతికున్న తువ్వాలు చూశాడు. “హ్యాండిల్ తన్నిందేటి నాయనా?” అని అడిగాడు. ఆయనకి ఆ సంగతి మేమెవరమూ చెప్పలేదు. బల్బు ఎక్కడ వెలిగిందో చూసిన మనిషికి చెప్పాల్సిన పని లేదు. వాడు, “బొటనవేలు తప్పుగా పెట్టానండీ” అన్నాడు. ఆయన నా వైపు ఒక్కసారి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. ఏమైనా అనుంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

స్పార్కు పడగానే సిలిండర్‌లో అంతా ఒక్కసారి అంటుకోదు. మంట పాకడానికి కొంత సమయం కావాలి. నిమిషానికి 3000 చుట్లలో సెకనులో వెయ్యో వంతుకి క్రాంకు 18 డిగ్రీలు తిరిగిపోతుంది, అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్కు వేయాలి. డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు వేగాన్ని బట్టి ఆ ముందుచూపుని తామే పెంచుతాయి. కానీ హ్యాండిల్ కొట్టేటప్పుడు ఇంజన్ తిరిగేది మనిషి చేతి వేగంతో. అప్పుడు మరీ ముందుగా స్పార్కు పడితే, ఇంకా పైకి వస్తున్న పిస్టన్‌ని మంట ఎదురుకొట్టి కిందికి తోస్తుంది. ఆ దెబ్బ నేరుగా హ్యాండిల్ పట్టుకున్న చేతికి. బొటనవేలు ఎటుంటే దెబ్బ తగ్గుతుందో చెప్పొచ్చు, కానీ ఆ దెబ్బని పుట్టించింది టైమింగ్. ఈ కాయిల్, పాయింట్ల పద్ధతిని కార్లకి కుదిర్చిన అమెరికా ఇంజనీరు చార్లెస్ కెట్టరింగే, 1912 క్యాడిలాక్‌కి కరెంటు సెల్ఫ్ స్టార్టర్‌నీ తయారుచేశాడు. చేతులు విరిచే ఆ హ్యాండిల్‌ని మనుషులకి తప్పించింది అదే. నేను ఆ ప్రమాదాన్ని ఇంటి గుమ్మంలోకి తిరిగి తెచ్చుకున్నాను.

హెడ్డు విప్పితే గాస్కెట్ కాలిపోయి ఉంది. రెండో సిలిండర్ పిస్టన్ అంచు చీమలు కొరికినట్టు గుంటలు పడింది. ఖర్చు నెలన్నర జీతం అయింది. రెండు రోజుల తర్వాత ఎక్స్‌రే తీయిస్తే మా బావమరిది మణికట్టులో ఎముక చీలిందని తేలింది. ఆరు వారాలు పిండికట్టు. కట్టు వేయించుకుని వస్తూ ఆటోలో వాడికి చెప్పాను, తప్పు నీ బొటనవేలిది కాదురా అని. “పోన్లే బావా” అని ఆటో బయటికి చూశాడు.

ఇప్పుడు నేను బండి లాగకపోతే కార్బురేటర్ జోలికి ఆఖర్న పోతాను. ముందు క్యాప్ తీస్తాను. రోటర్ పట్టుకుని తిరిగే దిక్కున మెలిపెట్టి వదిలితే స్ప్రింగులు దాన్ని వెనక్కి లాగాలి. లాగకపోతే బరువులు తుప్పుపట్టి బిగుసుకున్నట్టు. షాఫ్టుని పక్కకి ఊపి చూస్తాను. అది ఊగితే గ్యాప్ ఎంత శ్రద్ధగా పెట్టినా నిలవదు. వాక్యూమ్ పైపు నోట్లో పెట్టుకుని పీలిస్తే పాయింట్ల పళ్లెం కదలాలి. కదలక గాలి వస్తే లోపలి పొర చిరిగిందన్నమాట. వాడిన పాయింట్లకి బొడిపె ఉంటే ఫీలర్ రేకు దాని మీద ఆగి అబద్ధపు కొలత చూపిస్తుంది, కాబట్టి వాటిని మార్చడమే మేలు. పాయింట్లు నీలంగా కాలి ఉంటే కండెన్సర్‌ని కూడా మారుస్తాను. గీత సూచిక దగ్గరికొచ్చినప్పుడు మొదటి సిలిండర్ కంప్రెషన్‌లో ఉందా లేదా అన్నది కూడా ఒక చిక్కే. నాలుగో సిలిండర్ వాల్వులు ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఉంటే, మొదటిది కంప్రెషన్‌లో ఉన్నట్టు. ఇవన్నీ అయ్యాక గ్యాప్, దాని తర్వాతే బల్బు. గ్యాప్‌ని ముట్టుకున్న ప్రతిసారీ బల్బు.

మావగారి పుస్తకం మళ్లీ తీసింది ఆ సంక్రాంతికి. ‘పాయింట్లు కొత్తవి. కామ్‌కి గ్రీజు. గ్యాప్ 15. టైమింగ్.’ ఒక్క మాట వివరణ లేదు. ఒకసారి గ్రీజు వదిలేశాను, రెండోసారి టైమింగ్ వదిలేశాను. నాలుగు ముక్కలున్న వాక్యాన్ని ఏడాదిలో రెండుసార్లు సగం చదివాను.

ఫిబ్రవరిలో కట్టు విప్పాక మా బావమరిది ఇంటికొచ్చాడు. బండి వాకిట్లో ఉంది. టైమింగ్ నేనే పట్టాను, బల్బుతో, మూడుసార్లు. వాడు డిక్కీ తెరిచి హ్యాండిల్ తీశాడు. వద్దురా, సెల్ఫ్ బాగానే ఉంది అన్నాను. వాడు వినలేదు. “నువ్వు లోపల కూర్చో బావా” అన్నాడు, ఆ రోజు అన్నట్టే. స్విచ్ తిప్పి, అద్దంలోంచి వాడి చేతి వంకే చూస్తూ కూర్చున్నాను. ఈసారి ఎడమ చేత్తో పట్టుకున్నాడు, అయిదు వేళ్లూ ఒకేవైపు. ఒక్క ఊపు లాగాడు. హ్యాండిల్ మెత్తగా తిరిగి దానంతటదే ఊడింది, ఇంజన్ అందుకుంది. వాడు నిటారుగా లేచి నిలబడి, కాసేపు ఆ చప్పుడు వింటూ అక్కడే ఉన్నాడు.